ఆర్ఓ నీళ్లతో బీరు కాచేవాడికి

చిరంజీవి కిరణ్‌కి, మావయ్య ఆశీస్సులు.

నీ పేల్ ఏల్ (హాప్స్ చేదుండే లేత రంగు బీరు) తాగాక నాలిక వెనక వగరు పట్టుకుంటోందని రాశావు. మీ అమెరికా ఫీనిక్స్ ఊరి కుళాయి నీళ్లకి అది మామూలే. వాటిలో బైకార్బొనేట్ ఎక్కువ. లేత రంగు మాల్టు (మొలకెత్తించి ఆరబెట్టిన గింజలు) వేసినప్పుడు అది మాష్ పీహెచ్‌ని కిందికి దిగనివ్వదు. మాష్ అంటే వేడినీళ్లలో నానే ఆ గింజల ముద్ద, పీహెచ్ ఎంత దిగితే పులుపు అంత ఎక్కువ. దాంతో పొట్టులోని వగరు వోర్ట్‌లోకి, అంటే మాష్ నుంచి వచ్చే తీపి రసంలోకి దిగుతుంది, హాప్స్ అనే పువ్వుల చేదు మోటుగా తేలుతుంది. ఆర్ఓకి మారదామన్న నీ ఆలోచన మంచిదే. అయితే దాంతో పని సగమే అయినట్టు. ఆర్ఓ అక్కర్లేనివాటితో పాటు కావలసినవీ తీసేస్తుంది. కావలసినవి నువ్వే తూచి వెయ్యాలి.

ముందు యూనిట్ సంగతి చూసుకో. సింకు కింద బిగించే వాటిలో చాలావాటికి చివర ‘ఆల్కలైన్’ కార్ట్రిడ్జి ఒకటి ఉంటుంది. తాగడానికి రుచిగా ఉంటాయని పెడతారు. దాని లోపల ఉండేది కాల్సైట్, అంటే నువ్వు వదిలించుకున్న బైకార్బొనేట్ మళ్లీ నీళ్లలోకి వస్తుందన్నమాట. దానికి ముందే T ఆకారపు కనెక్టర్ ఒకటి పెట్టి బీరు కోసం వేరే గొట్టం లాక్కో. ఆ నీళ్ల టీడీఎస్ (కరిగి ఉన్న లవణాల లెక్క, మీటరుతో చూస్తారు) కుళాయి నీళ్లలో 20వ వంతుకి మించకూడదు. కుళాయిలో 600 చూపిస్తే ఇక్కడ 30 లోపు ఉండాలి. అంతకంతకూ పెరుగుతుంటే మెంబ్రేన్ (ఆర్ఓలో వడపోసే పొర) పాడైందని అర్థం.

క్లోరిన్, క్లోరమైన్ మాత్రం ఆ మీటరుకి తెలియవు. వాటిని ఆపేది మెంబ్రేన్ ముందుండే కార్బన్ ఫిల్టరే. అది పాతబడితే మెంబ్రేన్ దెబ్బతింటుంది, బీరులో ఆస్పత్రి బ్యాండేజీ వాసన వస్తుంది. ఆ వాసన వచ్చాక చేసేదేమీ లేదు, పారబొయ్యడమే. అనుమానం ఉంటే 30 లీటర్లకి క్లోరిన్‌ని విరిచే క్యాంప్డెన్ బిళ్ల సగం పొడి చేసి కలిపెయ్. నీళ్లు ముందు రోజు రాత్రే పట్టడం మొదలుపెట్టు. రోజుకి 50 గ్యాలన్ల యూనిట్ అన్నా గంటకి ఎనిమిది లీటర్లు రావడమే గొప్ప, చలికాలంలో ఇంకా నెమ్మది. పట్టినవాటిపై మూత పెట్టి ఒకటి రెండు రోజుల్లో వాడెయ్. క్లోరిన్ లేని నీళ్లు నిలవుంటే బ్యాక్టీరియా పెరుగుతుంది.

ఇక లవణాలు. 19 లీటర్ల బ్యాచ్‌కి, నాలుగున్నర కిలోల మాల్టుకి, మొత్తం 30 లీటర్ల నీళ్లు అనుకుందాం. హాప్స్ ముందుకు రావాల్సిన పేల్ ఏల్‌కి జిప్సం 6 గ్రాములు, కాల్షియం క్లోరైడ్ రెండున్నర గ్రాములు వెయ్. కాల్షియం 70 పీపీఎం దగ్గర, సల్ఫేట్ 110, క్లోరైడ్ 40 వస్తాయి. చేదు పొడిగా, శుభ్రంగా తెగుతుంది. మబ్బుగా ఉండే హేజీ ఐపీఏ బీరుకి దీన్ని తిరగేసి కాల్షియం క్లోరైడ్ 6 గ్రాములు, జిప్సం 2 వెయ్. నోరు నిండినట్టుంటుంది. పిల్స్‌నర్ బీరుకి కాల్షియం క్లోరైడ్ 3, జిప్సం 1 చాలు. పేల్ ఏల్‌కి పేరుపడ్డ ఇంగ్లండ్ ఊరు బర్టన్ నీళ్ల పట్టికలు చూసి సల్ఫేట్‌ని 600 దాకా తీసుకెళ్లాలనిపిస్తుంది. ఆ జోలికి వెళ్లకు. తక్కువైతే తర్వాతి బ్యాచ్‌లో పెంచుకోవచ్చు, ఎక్కువైతే తీసే దారి లేదు.

చెంచాలతో కొలవకు. గ్రాములో పదో వంతు చూపించే చిన్న కాటా కొనుక్కో. కాల్షియం క్లోరైడ్ గాలిలోని చెమ్మ పీల్చేస్తుంది. డబ్బా తెరిచినప్పుడు పూసలు అంటుకుపోయి అడుగున తడి కనిపిస్తే ఆ బరువులో నీళ్లున్నాయి, నువ్వు వేసేది తక్కువ పడుతుంది. కొత్తది తెచ్చుకో. పైన చెప్పిన తూకాలు డైహైడ్రేట్ రకానికి, ప్యాకెట్ మీద చూసి తీసుకో. జిప్సం వేడినీళ్లలో సరిగ్గా కరగదు, అడుగున కూర్చుంటుంది. గింజల మీద చల్లి కలుపు. నీళ్లన్నీ ఒకేసారి పోసే పద్ధతైతే లవణాలన్నీ మాష్‌లోకే. విడిగా స్పార్జ్ చేస్తే, అంటే మాష్ అయ్యాక గింజల్ని వేరే నీళ్లతో కడిగితే, మాష్‌లో ఎంత నీళ్లు పోస్తావో అంత వాటా అందులో, మిగతాది నేరుగా వోర్ట్ మరిగించే కెటిల్లో. ఆర్ఓ నీళ్లతో స్పార్జ్‌కి ఆసిడ్ అక్కర్లేదు.

గింజలు కలిపిన పావుగంటకి రెండు చెంచాల వోర్ట్ తీసి స్టీలు పళ్లెంలో పల్చగా పొయ్. 25 డిగ్రీలకి చల్లారాకే పీహెచ్ చూడు. వేడిమీద ముంచితే రీడింగు తప్పుతుంది, ప్రోబ్ ఆయుష్షూ తగ్గుతుంది. 5.3 - 5.4 వస్తే చాలు. ఎక్కువుంటే 88 శాతం ల్యాక్టిక్ ఆసిడ్ సుమారు ఒకటిన్నర మిల్లీలీటరు వేస్తే 0.1 దిగుతుంది. అయిదారు మిల్లీలీటర్లు దాటాల్సి వస్తే ఎక్కడో తేడా ఉంది, టీడీఎస్ మళ్లీ చూసుకో.

నల్లటి స్టౌట్ బీరు దగ్గర కథ తిరగబడుతుంది. నల్లగా వేయించిన గింజలకి పులుపుంటుంది, ఆర్ఓ నీళ్లకి దాన్ని ఆపే శక్తి లేదు. పీహెచ్ 5.2 కిందికి జారి బీరు పలచగా, పుల్లగా తేలుతుంది. ఆ గింజల్ని మాష్ ఆఖరి పావుగంటలో వెయ్యి, లేదా ఒకటి రెండు గ్రాముల బేకింగ్ సోడా కలుపు. సున్నపురాయి పొడి మాత్రం వద్దు, అది మాష్‌లో సరిగ్గా కరగదు.

మీ ఫ్రెండ్ మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌తో (ముందే మాష్ చేసి చిక్కబరిచిన వోర్ట్) కాస్తాడన్నావు. అతనికి ఈ గొడవేమీ లేదు. మాష్ జరిగిన చోటి నీళ్ల లవణాలు ఎక్స్‌ట్రాక్ట్‌లోనే ఉంటాయి, ఉత్త ఆర్ఓ నీళ్లు పోస్తే చాలు. చివర్లో కలిపే నీళ్లు మాత్రం మరిగించి చల్లార్చాలి.

అన్నట్టు, అమెరికాలో ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా బీరు కాచుకోవడానికి ఫెడరల్ చట్టం ఒప్పుకుంటుంది, అమ్మకూడదంతే. సెలవులకి హైదరాబాద్ వెళ్లినప్పుడు బావలకి చేసి చూపిద్దామనుకోకు. అక్కడ లైసెన్సు లేకుండా కాయడం నేరం.

పీహెచ్ మీటరు ప్రోబ్‌ని ఆర్ఓ నీళ్లతో కడుగు, కానీ అందులో నానబెట్టి ఉంచకు, పాడవుతుంది. దానితో ఇచ్చిన స్టోరేజ్ ద్రవంలోనే ఉంచు. కాచే రోజు పొద్దున్నే మీటరుని పీహెచ్ 7, 4 బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రవాలు) సరిచూసుకో. ఈసారి పేల్ ఏల్‌నే మళ్లీ కాచు, మాల్టు, హాప్స్, ఈస్ట్ ఏదీ మార్చకు. టీడీఎస్, తూకాలు, మాష్ పీహెచ్ రాసి పంపు.

మావయ్య