700ఆర్4 వేశాక కాలమ్ లివర్ ఫస్ట్ దాకా రావడం లేదా? ముందు లివర్లు కొలవండి

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇదీ. 1972 షెవర్లే సి10 ట్రక్కులో మూడు గేర్ల పాత ఆటోమేటిక్ గేర్‌బాక్సు (ట్రాన్స్‌మిషన్) టర్బో 350 తీసేసి, నాలుగు గేర్ల 700ఆర్4 ఆటోమేటిక్ వేయించారు. స్టీరింగ్ గొట్టం (కాలమ్) మీదున్న గేరు లివర్‌ను పార్క్‌లో పెడితే పార్క్ పడుతోంది. కిందికి మొత్తం లాగినా రెండో గేరు దగ్గరే ఆగిపోతోంది. లివర్‌ను ట్రాన్స్‌మిషన్‌కు కలిపే రాడ్డు సర్ది ఫస్ట్ పడేలా చేస్తే అప్పుడు పార్క్ పోతోంది. విసుగొచ్చి ఫ్లోర్ షిఫ్టర్ (కింద నేల మీద గేరు లివర్) పెట్టేద్దామా అని అడిగారు.

పెట్టకండి. ఆ బెంచ్ సీటు మీద ముగ్గురు కూర్చునే హాయి పోతుంది. పైగా ఈ సమస్యకు నిజమైన పరిష్కారం ఉంది. డాలస్ దగ్గర మా ఇంట్లో ఉన్న 1971 సి10కి సరిగ్గా ఇదే మార్పిడి చేయించాను, సరిగ్గా ఇక్కడే ఇరుక్కున్నాను.

ఈ మార్పిడి ఎందుకు చేస్తామో మీకు చెప్పక్కర్లేదు. నా బండికి వెనక ఇరుసులో 3.73 నిష్పత్తి గేరు, 28 అంగుళాల టైర్లు. హైవే మీద గంటకు 70 మైళ్ళు వెళ్తే పాత టర్బో 350తో ఇంజన్ 3,100 ఆర్‌పీఎం దగ్గర అరుస్తూ ఉండేది. 700ఆర్4లో నాలుగో గేరు 0.70, దాంతో అదే వేగానికి 2,200 దగ్గరికి దిగింది. పక్కనున్న మనిషితో మామూలు గొంతుతో మాట్లాడుకోగలుగుతున్నాం.

చిక్కంతా ఆ నాలుగో గేరు వల్లే వచ్చింది. టర్బో 350లో లివర్‌కు ఆరు స్థానాలు: పార్క్, రివర్స్, న్యూట్రల్, డ్రైవ్, రెండు, ఒకటి. 700ఆర్4లో ఆ నాలుగో గేరు కోసం ఓవర్‌డ్రైవ్ అనే స్థానం చేరి ఏడయ్యాయి. ట్రాన్స్‌మిషన్ లోపల సెలెక్టర్ షాఫ్టుకు దువ్వెన పళ్ళలా గాళ్ళున్న ఒక రేకు ఉంటుంది. స్ప్రింగు మీదున్న చిన్న రోలర్ ఒక్కో గాడిలో పడినప్పుడు మనకు ‘టక్’మని తెలుస్తుంది. పార్క్ నుంచి ఫస్ట్ దాకా పాతదానిలో ఐదు మెట్లు, కొత్తదానిలో ఆరు. మీ కాలమ్ మాత్రం పాత ఐదు మెట్లకు సరిపడా తిరిగి అక్కడితో ఆగుతుంది. అందుకే ఒక కొస సర్దితే ఇంకో కొస జారిపోతోంది. రాడ్డు పొడవు ఎంత మార్చినా లాభం లేదు. పొడవు మారిస్తే ప్రయాణం మొదలయ్యే చోటు మారుతుంది తప్ప ప్రయాణం పెరగదు.

ప్రయాణాన్ని మార్చేది రెండు లివర్ల పొడవు. కాలమ్ అడుగున ఒక చిన్న లివర్ ఉంటుంది, ట్రాన్స్‌మిషన్ పక్కన ఇంకొకటి ఉంటుంది, మధ్యలో రాడ్డు. లెక్క చాలా సులువు. కాలమ్ లివర్ పొడవును అది తిరిగే డిగ్రీలతో గుణిస్తే వచ్చేదీ, ట్రాన్స్‌మిషన్ లివర్ పొడవును అది తిరిగే డిగ్రీలతో గుణిస్తే వచ్చేదీ దాదాపు సమానం. గుండ్రటి అంకెలతో చూద్దాం, మీ బండిలో అంకెలు వేరుగా ఉంటాయి. కాలమ్ లివర్ 4 అంగుళాలు, మొత్తం 40 డిగ్రీలు తిరుగుతుంది అనుకోండి. గుణిస్తే 160. ట్రాన్స్‌మిషన్ లివర్ 3.5 అంగుళాలుంటే అది 46 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. పార్క్ నుంచి ఫస్ట్‌కి 60 డిగ్రీలు కావాలంటే 160ని 60తో భాగించండి, 2.67 వస్తుంది. అంటే ట్రాన్స్‌మిషన్ లివర్ మీద రాడ్డు తగిలించే కన్నం షాఫ్టు మధ్య నుంచి 2.67 అంగుళాల దూరంలో ఉండాలి. కింది లివర్ పొట్టిదైతే ఎక్కువ తిరుగుతుంది, అంతే సంగతి. కాలమ్ వైపు లివర్ పొడవు పెంచినా అదే ఫలితం. కానీ అక్కడ ఎగ్జాస్ట్, స్టీరింగ్ బాక్సు అడ్డొస్తాయి కాబట్టి నేను కింది లివరే మార్చాను.

కొలవడానికి ఖరీదైన సామానేమీ అక్కర్లేదు. అయస్కాంతం ఉన్న డిజిటల్ యాంగిల్ గేజ్ ఒకటి చాలు. ముందు చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టండి. బండిని స్టాండ్ల మీద ఎక్కించండి, జాకీని మాత్రం నమ్మకండి. రాడ్డు పూర్తిగా ఊడదీసి ట్రాన్స్‌మిషన్ లివర్‌ను చేత్తో తిప్పుతూ ఒక్కో ‘టక్’ దగ్గర కోణం రాసుకోండి. నేను కింద పడుకుని ఇది చేస్తుంటే మా అమ్మాయి లోపల కూర్చుని కాలమ్ లివర్‌ను కదిపేది. “పార్క్ నాన్నా... రివర్స్ నాన్నా” అని తను అరిచిన ప్రతిసారీ కాలమ్ అడుగు లివర్ ఎక్కడుందో తెల్ల పెయింటుతో చిన్న గీత పెట్టాను. తర్వాత ట్రాన్స్‌మిషన్ గీతలతో పోల్చి చూస్తే పార్క్ నుంచి న్యూట్రల్ దాకా రెండూ దాదాపు కలిసే నడిచాయి. అక్కడి నుంచి కాలమ్ వెనకబడిపోతూ వచ్చింది. అది కళ్ళతో చూశాకే విషయం నాకు నిజంగా తలకెక్కింది.

లెక్క సరిపోయినా ఒక్కోసారి గేర్లు ఒక కొసన ఇరుగ్గా, ఇంకో కొసన ఎడంగా పడతాయి. అలా జరిగితే రాడ్డు కోణం చూడండి. లివర్ మధ్య స్థానంలో ఉన్నప్పుడు రాడ్డు దానికి లంబంగా, అంటే 90 డిగ్రీల్లో ఉండాలి. రాడ్డుకు రెండు వైపులా ఉన్న లివర్లకూ ఇదే నియమం. 700ఆర్4లో షాఫ్టు ఉన్న చోటు పాతదానితో కలవదు కాబట్టి పాత రాడ్డునే సాగదీసి తగిలిస్తే కోణం చెడిపోతుంది. పైనుంచి చూసినప్పుడు కూడా రాడ్డు పక్కకు వంకరగా పోకుండా రెండు లివర్లూ ఒకే వరసలో ఉండాలి, లేకపోతే కదిపినప్పుడల్లా పట్టేస్తుంది.

నా బండికి మొదట జరిగింది అదే. మార్పిడి చేసిన షాపువాళ్ళు పాత రాడ్డుకు ముక్క అతికించి, పాత పొడవు లివర్‌కే తగిలించి, ఫస్ట్ పడేలా సర్ది పంపేశారు. ఫస్ట్ బాగానే పడింది. ఒక ఆదివారం మా డ్రైవ్‌వే మీద లివర్ పార్క్‌లో పెట్టి, గేరు చూపించే ముల్లు సరిగ్గా పార్క్ మీద ఉందని చూసుకుని, ఇంజన్ ఆపకుండా గరాజు తలుపు వేయడానికి దిగాను. వెనక్కి తిరిగేసరికి బండి కదులుతోంది. ఏటవాలు దిగి, రోడ్డు దాటి, ఎదురింటి కాలిబాట అంచుకు కొట్టుకుని ఆగింది. ఐదు నిమిషాల ముందు అదే డ్రైవ్‌వే మీద మా అమ్మాయి సైకిల్ తొక్కుతోంది. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చేతులు చల్లబడుతున్నాయి.

పార్క్ అంటే ట్రాన్స్‌మిషన్ లోపల ఒక ఉక్కు నాలుక, చక్రాల వైపు వెళ్ళే అవుట్‌పుట్ షాఫ్టుతో కలిసి తిరిగే పళ్ళ మధ్యకు దిగడం. ఆ నాలుకను నెట్టేది ఇందాక చెప్పిన రేకే. రోలర్ పార్క్ గాడిలో పూర్తిగా పడకుండా అంచు మీద ఆగితే నాలుక సగమే దిగుతుంది, ఇంజన్ అదురుకే ఊడి రావచ్చు. బండి అప్పుడు రివర్స్‌లోకి జారిందంటే ఇంకా ఘోరం. దీన్ని అరుదైన విషయం అనుకోకండి. పార్క్‌లో పెట్టామనుకున్న బండి రివర్స్‌లోకి జారుతోందన్న ఫిర్యాదుల మీద 1980లో అమెరికా ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని, ఫోర్డ్ తన పాత ఆటోమేటిక్ బళ్ళ యజమానులకు హెచ్చరిక స్టిక్కర్లు పంపింది. రెండు కోట్లకు పైగా బళ్ళ సంగతి అది.

అందుకే సర్దుబాటు కొలత ఎప్పుడూ ట్రాన్స్‌మిషన్ వైపు నుంచి మొదలుపెట్టండి, ముల్లు చూసి కాదు. రాడ్డు ఊడదీసి, చేత్తో పార్క్ కొసకు తోసి, అక్కడి నుంచి రెండు టక్కులు వెనక్కి రండి. అది న్యూట్రల్. పైన కాలమ్‌ను న్యూట్రల్‌లో పెట్టి, ఆ స్థితిలోనే రాడ్డు బిగించండి. తర్వాత ప్రతి స్థానంలోనూ రాడ్డు ఒకసారి ఊడదీసి, ట్రాన్స్‌మిషన్ లివర్ తనంతట తాను కదలకుండా గాడిలోనే ఉందా అని చూడండి. కదిలిందంటే కాలమ్ దాన్ని గాడి బయట బలవంతంగా పట్టి ఉంచుతోందని అర్థం. డ్రైవ్‌లో అలా పట్టి ఉంచితే లివర్‌తో కదిలే ఆయిల్ వాల్వు (మాన్యువల్ వాల్వు) సగం తెరుచుకుని ఆయిల్ ఒత్తిడి తగ్గుతుంది, క్లచ్ ప్లేట్లు జారి మాడిపోతాయి.

ఇంకో మాట, లివర్ నట్టు బిగించేటప్పుడు లివర్‌ను ఇంకో పానాతో గట్టిగా పట్టుకోండి. పట్టుకోకుండా బిగిస్తే ఆ బలమంతా లోపలి రేకు మీద పడి అది వంగుతుంది.

వీటన్నిటికంటే ముందు కాలమ్ అడుగు బుష్ మార్చండి. మా నాన్నగారు రాజమండ్రిలో నడిపిన అంబాసిడర్‌కూ స్టీరింగ్ పక్కనే గేరు. మాన్యువల్ అనుకోండి. బుష్‌లు అరిగి గేరు మధ్యలో ఇరుక్కుంటే ఆయన రోడ్డు పక్కన ఆపి, బానెట్ ఎత్తి, లింకులు చేత్తో సర్దేవారు. ఆటోమేటిక్‌లో అలా ఇరుక్కోకపోవచ్చు, కానీ ప్లే (వదులు) ఉంటే మీ లెక్కంతా వృథా. పైగా లివర్ పొట్టిదయ్యేకొద్దీ ప్లే ప్రభావం పెరుగుతుంది. 2.67 అంగుళాల లివర్ మీద ఎనిమిదో వంతు అంగుళం ప్లే అంటే దాదాపు 2.7 డిగ్రీలు. ఒక్కో గేరుకూ గేరుకూ మధ్య పదేసి డిగ్రీలే ఉన్నచోట అది నాలుగో వంతు కన్నా ఎక్కువ. ఇంజన్‌ను పట్టి ఉంచే రబ్బరు మౌంట్లు కూడా చూడండి. అవి చిరిగి ఉంటే యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఇంజన్ ఒరిగి రాడ్డును లాగుతుంది.

కాలమ్ లోపల లివర్ ఆగే మెట్లున్న ప్లేటు (గేటు) పాత ఆరు స్థానాలకు కోసినది. 700ఆర్4కి సరిపడే గేటు ప్లేటూ, ఓవర్‌డ్రైవ్ ఉన్న అక్షరాల పట్టీ షిఫ్ట్‌వర్క్స్ లాంటి కంపెనీలు అమ్ముతాయి. కొలుచుకుని చేసుకునే ఓపిక లేకపోతే లోకార్ వాళ్ళ దగ్గర సర్దుకునే రాడ్డు కిట్లు దొరుకుతాయి. నేను లివర్‌లో కొత్త కన్నం వేయించి, రాడ్డు మాత్రం కొత్తది కొన్నాను.

ఎంత చేసినా ఫస్ట్ కొంచెం అందకపోతే దాన్ని వదిలేయండి. డ్రైవ్‌లో పెట్టినా బండి ఫస్ట్‌లోనే బయలుదేరుతుంది. పార్క్ విషయంలో మాత్రం వెంట్రుకవాసి కూడా వదలకండి.

అన్నీ బిగించాక బ్రేకు తొక్కి పట్టుకుని, ప్రతి స్థానంలో ఒకసారి తాళం తిప్పి చూడండి. పార్క్, న్యూట్రల్‌లో తప్ప ఇంకెక్కడా స్టార్ట్ కాకూడదు. ఒకవేళ అయిందంటే కాలమ్ మీదున్న న్యూట్రల్ సేఫ్టీ స్విచ్ సర్దాలి. ఆ తర్వాత మనుషులు లేని ఏటవాలు చూసుకుని, పార్క్‌లో పెట్టి, కాలు బ్రేకు మీదే ఉంచి మెల్లగా వదలండి. బండి ఒక అంగుళం ఊగి ఠక్కున ఆగాలి. బండి ముందు భాగం కిందికి ఒకసారి, పైకి ఒకసారి తిప్పి నిలిపి చూడండి. కింద మీరు తీసుకున్న కోణాలు రాస్తే కన్నం ఎక్కడ వేయాలో నేను లెక్క చూసి చెబుతాను.