రేంజ్‌ఫైండర్ మీద ఎఫ్ 1.5 పోర్ట్రెయిట్ లెన్స్ దండగా?

ఫోయిక్ట్‌లాండర్ నోక్టన్ 75 ఎం.ఎం. ఎఫ్ 1.5 లెన్స్‌తో రేంజ్‌ఫైండర్ కెమెరాలో (పక్కనున్న ఫైండర్ కిటికీలోంచి చూస్తూ, రెండు బింబాలను ఒకటిగా కలిపి ఫోకస్ చేసేది) కంటి మీద ఫోకస్ నిలుస్తుందా, లేక డబ్బు దండగా అని మీరు అడిగారు. నిలుస్తుంది. అయితే ఎదుటి మనిషి ఎప్పుడు ఆగుతాడో కనిపెట్టడం మీకు రావాలి. ఆ విద్య లేనివారికి ఏ లెన్సైనా దండగే.

మా పర్లాకిమిడి కొమ్ముతో చేసే బొమ్మలకు పేరుపడిన ఊరు. ఒక ఉదయం, ఆ పని చేసే ఒక తాతగారి ఇంట్లో, కిటికీ పక్కన కూర్చుని ఆయన కొంగ బొమ్మ మెడను ఆకురాయితో నునుపు చేస్తుండగా ఫొటోలు తీయడానికి కూర్చున్నాను. గది చీకటి కావడం వల్ల వెలుతురును బాగా పట్టే 400 ఐఎస్‌ఓ ఫిల్ముతో, లెన్స్‌ను పూర్తిగా తెరిచి ఎఫ్ 1.5 వద్ద పెట్టినా సెకనులో 60వ వంతు కంటే వేగం దొరకలేదు. మీటరు దూరంలో ఆ ఎపర్చరుకు స్పష్టంగా ఉండే లోతు ఒకటిన్నర సెంటీమీటర్లే కాగా, తాతగారి తల రాపిడి రాపిడికీ రెండంగుళాలు ముందుకూ వెనక్కూ ఊగుతోంది. ఫైండర్‌లో రెండు బింబాలను కలిపి నేను మీట నొక్కేలోపు ఆయన ముఖం వేరే చోట ఉండేది. "నువ్వొక ఫొటో తీసేలోగా నేను కొంగనే పూర్తి చేసేస్తాను బాబూ" అని నవ్వి, ఆయన అన్నంత పనీ చేశారు.

36 ఫొటోలలో కన్ను స్పష్టంగా వచ్చినవి నాలుగే. ఆ నాలుగూ ఆయన పొడి ఊదడానికి ఆగినప్పుడు తీసినవి. ఆ సంగతి కూడా నాకు నెల తరువాత గాని తెలియలేదు, ఎందుకంటే మా వైపు ఫిల్ము కడిగేవారే మిగలలేదు, రోలును దూరపు ఊరికి పంపి ఎదురుచూడవలసిందే.

రేంజ్‌ఫైండర్‌లో మనం లెన్స్ గుండా చూడము కనుక, వెనుక ఎంత మసకబారిందో, కన్ను తప్పిందో లేదో నొక్కేముందు కనిపించదు. ఫైండర్‌లో దృశ్యం 0.72 రెట్లుగా కనిపించే లైకా కెమెరాలో కొలతకు పనికివచ్చే ఆధారం (రెండు కిటికీల మధ్య దూరాన్ని ఆ రెట్లతో గుణిస్తే వచ్చేది, ఎక్కువైతే గురి కచ్చితం) సుమారు 50 మిల్లీమీటర్లు. 1954 నాటి లైకా ఎం3లో 0.91 రెట్లు కాబట్టి గురి మరింత కచ్చితం, కానీ దాని ఫైండర్‌లో 75 ఎం.ఎం. లెన్స్‌కు ఎంత పడుతుందో చూపే చట్రం లేదు. మసక నేపథ్యం కోసమే ఈ లెన్స్ కొనేవారిని చూస్తే నాకు విసుగు. వెలుతురు చాలని గదుల కోసం కొనండి, వెలుతురు ఉంటే లెన్స్‌ను ఎఫ్ 2.8కి కాస్త మూసుకోండి.

చవకగా వస్తుందని సోవియట్ జుపిటర్-9 లెన్స్ వైపు మాత్రం వెళ్లకండి. ఆ లెన్సుల ఫోకస్ కొలత లైకా కొలతతో సరిగ్గా సరిపోదు, కాబట్టి ఎఫ్ 2 వద్ద దగ్గరి ముఖాలు తప్పిపోతాయి. నా జుపిటర్‌తో అలా తప్పినప్పుడు, లోపం నా చూపులో ఉందనుకుని నేను ముందు కళ్లజోడు మార్పించుకున్నాను. స్కేలును ఏటవాలుగా పెట్టి ఫొటో తీసి లెన్స్‌నే పరీక్షించాలన్న ఆలోచన ఆ తరువాత గాని రాలేదు.

తాతగారికి ఇవ్వడానికి ఆ నాలుగు ప్రింట్లతో పాటు, ముఖం పూర్తిగా మసకబారిన మరొకటి కూడా తీసుకువెళ్లాను. ఆయన ఆ మసక ఫొటోనే గోడకు పెట్టుకున్నారు. అందులో కొంగ బాగా పడిందట.