విశ్వవిద్యాలయ పరిశోధన ఆర్థికాభివృద్ధికి నిజంగా తోడ్పడుతుందా?

విశ్వవిద్యాలయాలు తమ పరిశోధనను మార్కెట్టుదాకా చేర్చి ఆర్థికాభివృద్ధికి తోడ్పడగలవా అని మీరు అడిగారు. గుంటూరు ప్రాంతంలో ఒక వరి విత్తన సంస్థ ఉత్పత్తి విభాగంలో పదకొండేళ్ళు పనిచేసిన అనుభవంతో, తప్పకుండా తోడ్పడగలవనే చెబుతాను. అయితే పేటెంట్ల సంఖ్యతోనో, లైసెన్సు రుసుములతోనో ఆ తోడ్పాటును కొలవబోతే అసలు మేలు లెక్కకు రాదు.

బీపీటీ 5204నే తీసుకోండి. సాంబమసూరిగా మనందరం ఎరిగిన ఈ రకాన్ని అప్పటి ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం బాపట్లలో రూపొందించి 1986లో విడుదల చేసింది. మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టం వచ్చింది 2001లో కాబట్టి, విడుదలనాటికి దానిమీద హక్కు పొందే మార్గమే మన దేశంలో లేదు. అయినా ఆ సన్నబియ్యం మీద రైతులు, మిల్లర్లు, విత్తన వ్యాపారులు, వరినాట్ల కూలీలు దశాబ్దాలుగా బతుకుతున్నారు. ఇదంతా ఏ విశ్వవిద్యాలయపు ఆదాయపట్టికలోనూ కనబడదు.

హైబ్రిడ్ కాని ఇలాంటి సూటి రకాల విషయంలో ప్రైవేటు సంస్థలకు ఆసక్తి తక్కువగా ఉండటానికి కారణముంది. రైతు తన పంటలోనుంచే మళ్ళీ విత్తనం కట్టుకోవచ్చు, ఆ హక్కును 2001 చట్టం కూడా కాపాడింది (కాపాడవలసిందే అని నా అభిప్రాయం). హైబ్రిడ్లయితే ఏటా కొనక తప్పదు కాబట్టి పెట్టుబడి అటు పోతుంది. అందువల్ల సూటి రకాల పరిశోధన భారం ప్రధానంగా ప్రభుత్వ సంస్థల మీదే పడుతుంది.

రకం విడుదలైనంత మాత్రాన పని ముగిసినట్టు కాదు. విశ్వవిద్యాలయం ఇచ్చే బ్రీడర్ విత్తనం (మూల విత్తనం) నుంచి ఫౌండేషన్ విత్తనం, దానినుంచి రైతుకు అమ్మే ధ్రువీకృత విత్తనం తయారుకావాలి. ప్రతి దశలోనూ కేళీలు (పొలంలో కలిసిన వేరే రకపు మొక్కలు) ఏరివేయాలి. మొదటి బస్తాలో స్వచ్ఛత లోపిస్తే ఆ తరువాత ఎవరూ సరిచేయలేరు. సాంబమసూరికి పెద్ద బెడద అయిన బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునేలా, హైదరాబాదులోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం), వరి పరిశోధన సంచాలనాలయం కలిసి మూడు నిరోధక జన్యువులను చేర్చిన మెరుగైన రకం విడుదలయ్యేసరికి 2008 వచ్చింది.

మా సంస్థ ఒకసారి ఒక విశ్వవిద్యాలయపు కొత్త రకానికి లైసెన్సు కోరితే ఒప్పందం కుదరడానికి రెండు ఖరీఫ్‌లు పట్టింది, అప్పటికి మా రైతులు వేరే రకానికి మారిపోయారు. అక్కడ ఎవరికీ దురుద్దేశం లేదు. పాఠాలు చెబుతూ, ప్రయోగక్షేత్రం చూసుకుంటూ ఆ రకాన్ని రూపొందించిన శాస్త్రవేత్తే ఒప్పందం ఫైలునూ నడిపేవారు. ఆయన బదిలీ కాగానే అది ఆగిపోయింది. ఒప్పందాలు, బ్రీడర్ విత్తనం సరఫరా, రైతులనుంచి వచ్చే ఫిర్యాదులు మాత్రమే చూసే ఇద్దరు పూర్తికాలపు ఉద్యోగులు ఉండి ఉంటే, ఆ రకం మొదటి ఖరీఫ్‌లోనే పొలాలకు చేరేదని నేను నమ్ముతున్నాను.