ఊదమన్నారు, ఊదాను... ఇప్పుడేంటి?

పాఠకుల ప్రశ్నలు, లాయర్ జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం డ్రంక్ అండ్ డ్రైవ్ మీదే. పెళ్లిళ్ల సీజన్ కదా. పేర్లు వెయ్యొద్దని అందరూ రాశారు, వెయ్యట్లేదు.

ప్రశ్న: సార్, శనివారం రాత్రి గచ్చిబౌలి దగ్గర ఆపారు. కొలీగ్ ప్రమోషన్ పార్టీలో రెండు బీర్లు తాగాను, అంతే. బ్రీత్ ఎనలైజర్ మెషీన్‌లో ఊదితే 118 వచ్చింది. బైక్ తీసుకెళ్లారు. పదిహేను వేలిస్తే లోపల మాట్లాడి కేసే లేకుండా చేస్తానని ఒకాయన అంటున్నాడు. జైలు పడుతుందా? ఉద్యోగం పోతుందా? టెన్షన్‌తో నిద్ర లేదు. (ఐటీ ఉద్యోగి, మియాపూర్)

జవాబు: ముందు ఆ పదిహేను వేలు జేబులోనే ఉంచుకో తమ్ముడూ. రీడింగ్ వచ్చాక అది మెషీన్‌లో టైముతో సహా నమోదై ఉంటుంది, దాన్ని ఎవడూ మాయం చెయ్యలేడు. ఆయన చేసేది ఏమిటంటే నీ డబ్బులోంచే కోర్టులో నీ జరిమానా కట్టించి, మిగిలింది తను ఉంచుకుని "చూశావా, జైలు తప్పించాను" అంటాడు. పైగా లంచం ఇవ్వడం కూడా నేరమే, ఉన్న కేసుకి ఇంకోటి ఎందుకు?

"రెండు బీర్లు, అంతే" అన్నావు. చట్టంలో హద్దు 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు. 650 ఎంఎల్ స్ట్రాంగ్ బీరు ఒక్కటి గబగబా తాగితే 70 కిలోల మనిషికి లెక్కప్రకారం 80 దాకా పోతుంది. అంటే ఒక్క సీసాతోనే హద్దు రెండు రెట్లు దాటేశావు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో హద్దు 80, మన దగ్గర 30. సినిమాల్లో చూసిన లెక్క ఇక్కడ పనికిరాదు.

ఇక శిక్ష. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185. మొదటిసారైతే ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే రెండేళ్ల దాకా జైలు, లేదా 15,000, లేదా రెండూ. 2019 సెప్టెంబర్ నుంచి ఉన్న లెక్క ఇది, అంతకుముందు మొదటిసారికి రెండు వేలే. హెల్మెట్ చలాన్‌లా ఫోన్‌లో కట్టేసి చేతులు దులుపుకునే కేసు కాదు, మేజిస్ట్రేట్ ముందు నిలబడాల్సిందే. హైదరాబాద్‌లో అయితే దానికి ముందు గోషామహల్‌లోనో బేగంపేటలోనో ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో కౌన్సెలింగ్ ఉంటుంది, ఇంట్లోవాళ్లని వెంట తీసుకుని రమ్మంటారు. చాలామందికి జరిమానా కన్నా ఇదే కష్టం. నాన్న పక్కన కూర్చుని యాక్సిడెంట్ వీడియోలు చూడాలి మరి.

జైలు పడుతుందా అంటే, మొదటిసారి, ఎవరికీ దెబ్బ తగల్లేదు, పోలీసులతో గొడవ పడలేదు అంటే ఎక్కువగా జరిమానాతో పోతుంది. కానీ రీడింగ్ బాగా ఎక్కువున్నప్పుడు మొదటిసారి వాళ్లకే రెండు మూడు రోజులు చంచల్‌గూడ రాసిన సందర్భాలున్నాయి, అది జడ్జిగారి చేతిలో మాట. నీ 118 తక్కువేం కాదు, కాబట్టి లాయర్ లేకుండా వెళ్లకు. లైసెన్స్ సంగతి వేరే. సుప్రీంకోర్టు రోడ్డు భద్రత కమిటీ 2015లోనే కనీసం మూడు నెలలు సస్పెండ్ చెయ్యమని రాష్ట్రాలకు చెప్పింది. రెండోసారి శిక్ష పడితే లైసెన్స్ రద్దు చెయ్యడం తప్ప కోర్టుకి వేరే దారి లేదు, సెక్షన్ 22 అలా ఉంది.

బైక్ గురించి. తాగి దొరికినంత మాత్రాన బండిని నెలల తరబడి స్టేషన్ ముందు ఎండబెట్టడానికి లేదని తెలంగాణ హైకోర్టు 2021 నవంబర్‌లో స్పష్టంగా చెప్పింది. పక్కన తాగనివాడు, లైసెన్స్ ఉన్నవాడు ఉంటే అప్పుడే అతని చేతికి ఇవ్వాలి. లేకపోతే దగ్గరి బంధువుకో స్నేహితుడికో కబురు చెయ్యాలి. ఎవరూ రాకపోతేనే తాత్కాలికంగా స్టేషన్‌లో పెట్టాలి. ఆర్‌సీ, గుర్తింపు కార్డు పట్టుకుని వెళ్లు, కుదరదంటే ఆ తీర్పు సంగతి మర్యాదగా గుర్తు చెయ్యి. మర్యాదగా అన్నాను, గమనించు.

ఉద్యోగం మాట. జరిమానాతో పోయినా అది శిక్షే, రికార్డే. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఫారంలో అడిగితే దాచకు. ప్రభుత్వోద్యోగాల విషయంలో 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన దాని సారం, చిన్న కేసుని వదిలెయ్యొచ్చేమో గానీ దాచడాన్ని తేలిగ్గా తీసుకోరని. పాస్‌పోర్టుకి జరిమానా శిక్ష అడ్డం కాదు, కోర్టులో తేలకుండా నడుస్తున్న కేసే అడ్డం. అందుకే వాయిదాకి వెళ్లకుండా తప్పించుకు తిరగకు, వారెంట్ ఇంటికొస్తుంది.

ప్రశ్న: నేను జీవితంలో మందు ముట్టలేదు. దగ్గుకి హోమియో మందు వాడుతున్నాను, చెకింగ్‌లో 38 చూపించింది. ఎంత మొత్తుకున్నా వినలేదు. ఒప్పుకోవాలా, కొట్లాడాలా? (ఆటో డ్రైవర్, ఖమ్మం)

జవాబు: అన్నా, కొట్లాడాల్సిన కేసు ఇదే. ఇలాంటివాళ్లే భయపడి మొదటి వాయిదాలోనే ఒప్పుకుని వచ్చేస్తారు, నిజంగా తాగినవాళ్లేమో మెషీన్ తప్పని వాదిస్తారు, నా అనుభవం అది.

హోమియో చుక్కల్లో, కొన్ని దగ్గు మందుల్లో, మౌత్‌వాష్‌లో ఆల్కహాల్ ఉంటుంది. అది రక్తంలోకి పెద్దగా పోదు గానీ కాసేపు నోట్లో ఉంటుంది, మెషీన్ ఆ నోటి ఆవిరినే పట్టుకుంటుంది. పదిహేను ఇరవై నిమిషాలాగితే పోతుంది. కాబట్టి అక్కడికక్కడే అడగాల్సింది రెండే: నీళ్లతో పుక్కిలించి కాసేపాగి మళ్లీ ఊదనివ్వండి, లేదా రక్తపరీక్షకి తీసుకెళ్లండి. కోర్టులో మొదట వచ్చే ప్రశ్న కూడా "అప్పుడు అడిగారా?" అనే. నువ్వు అడిగి వాళ్లు కాదంటే ఆ మాట లాయర్‌కి చెప్పు, పక్కన ప్యాసింజర్ ఉంటే అతని ఫోన్ నంబర్ సంపాదించు. ఇప్పటికే ఆ రాత్రి దాటిపోయింది కాబట్టి మందు సీసా, డాక్టర్ చీటీ, షాపు బిల్లు, తేదీలు కనిపించేలా దాచిపెట్టు.

ఇంకోటి, మెషీన్‌లోంచి వచ్చిన చీటీ. బస్ టికెట్ లాంటి కాగితం అది, నెల రోజులు పర్సులో పెట్టి తీస్తే తెల్లకాగితం మిగులుతుంది. నా దగ్గరికి అలా ఖాళీ చీటీ తెచ్చినవాళ్లు ఒకరిద్దరు కాదు. ఇవాళే ఫొటో తియ్యి. మెషీన్ నంబరు, టైము, పేరు అందులోనే ఉంటాయి. మెషీన్‌ని ఎప్పుడు కాలిబ్రేట్ చేశారు (అంటే సరిగ్గా కొలుస్తోందో లేదో సరిచూశారు), ఆ సర్టిఫికెట్ ఏది, ఊదే పైపు కొత్తది వేశారా, చీటీలో టైముకీ చార్జిషీటులో టైముకీ పొంతన ఉందా, మీ లాయర్ సాక్షుల్ని వీటి మీదే క్రాస్ ఎగ్జామినేషన్ చేస్తాడు. హద్దు 30 అయినప్పుడు 38 అంటే అంచు మీద ఉన్న రీడింగ్. 180 వచ్చినవాడికి కాలిబ్రేషన్ వాదన పెద్దగా అక్కరకు రాదు, నీకు వస్తుంది.

ఆర్టీసీ డ్రైవర్‌ని ఉద్యోగంలోంచి తీసేసిన కేసులో బ్రీత్ ఎనలైజర్ ఒక్కటే ఆధారంగా చాలదని 2025లో తెలంగాణ హైకోర్టు చెప్పిందని మీ యూనియన్‌లో ఎవరైనా చెప్పి ఉంటారు. నిజమే, కానీ అది ఉద్యోగం విషయం. సెక్షన్ 185లో బ్రీత్ ఎనలైజర్ రీడింగే చాలని చట్టమే రాసింది. ఆ తీర్పు వాదనకి పనికొస్తుంది, దాన్ని నమ్ముకుని మాత్రం కూర్చోకు.

ఈ జవాబు చదివి "అయితే ఊదనే ఊదను" అనుకునేవాళ్లకి ఒక మాట. ఊదకపోతే, అనుమానం ఉందని వారెంట్ లేకుండానే అరెస్ట్ చెయ్యొచ్చు, సరైన కారణం చూపకపోతే ఆ నిరాకరణనే సెక్షన్ 205 కింద మీకు వ్యతిరేకంగా వాడుకోవచ్చు. అరెస్ట్ చేస్తే మాత్రం రెండు గంటల్లోపు డాక్టర్ పరీక్ష జరగాలి, జరగకపోతే వదిలెయ్యాలి. వదలాల్సింది మనిషిని, కేసుని కాదు.

ప్రశ్న: కారు నా పేరున ఉంది, నడిపేది మా ఆయన. వారానికి రెండుసార్లు తాగే వస్తారు, "నాకేం కాదు" అంటారు. పట్టుబడితే నాకేమైనా చుట్టుకుంటుందా? ఇన్సూరెన్స్ ఉంది. (గృహిణి, విజయవాడ)

జవాబు: అమ్మా, మీరు అడిగిందే అందరికన్నా పెద్ద ప్రశ్న. పట్టుబడితే కేసు ఆయన మీదే. కానీ యాక్సిడెంట్ అయితే కథ మీ పేరు చుట్టూ తిరుగుతుంది.

కారుకి జరిగిన నష్టం ఇన్సూరెన్స్ ఇవ్వదు. "బ్రీత్ టెస్ట్ చెయ్యలేదుగా, తాగినట్టు రుజువేది" అంటే కూడా నడవదు. ఢిల్లీలో పోర్షే కారు గుద్దుకున్న కేసులో 2021లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది, 30 దాటిందని టెస్ట్‌లో తేలకపోయినా, తాగి నడిపాడని మిగతా పరిస్థితులు చెప్తుంటే కంపెనీ క్లెయిమ్ కాదనొచ్చని. ఎదుటివాళ్లకి దెబ్బ తగిలితే, కంపెనీ ముందు వాళ్లకి కట్టి తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకోమని ట్రిబ్యునల్ ఆదేశించే అవకాశం ఉంది. 2019 సవరణలో తాగి నడపడాన్ని, భారం తనది కాదని కంపెనీ చెప్పుకోగల కారణంగా చట్టంలోనే రాసేశారు. ఓనర్ అంటే మీరు. లక్షల్లో తాఖీదు మీ పేరున వస్తుంది, మీ పేరున ఉన్న ప్లాటు మీదికి పోతారు. తాగాడని తెలిసీ తాళాలిస్తే సెక్షన్ 188 కింద ప్రోత్సహించినట్టు కేసు పెట్టే వీలు కూడా ఉంది.

ప్రాణం పోతే సెక్షన్ 185 చిన్నదైపోతుంది. 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది కదా, నిర్లక్ష్యం అనుకుంటే సెక్షన్ 106, అయిదేళ్ల దాకా. ప్రాణం పోతుందని తెలిసే నడిపాడని కోర్టు నమ్మితే సెక్షన్ 105, పదేళ్ల దాకా. ముంబైలో 2006లో తాగిన కుర్రాడి కారు ఫుట్‌పాత్ మీద పడుకున్న ఏడుగురిని చంపేసింది, ఆ కేసులో అలాంటి పెద్ద సెక్షన్ కిందే శిక్షని సుప్రీంకోర్టు 2012లో ఖాయం చేసింది. "నాకేం కాదు" అంటున్న మీ ఆయనకి మన కర్నూలు చిన్నటేకూరు గుర్తు చెయ్యండి. 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున తాగి బైక్ నడిపిన కుర్రాడు పడిపోయాడు, రోడ్డు మీద ఉన్న ఆ బైక్‌ని బస్సు ఈడ్చుకుపోయి మంటలంటుకుని పంతొమ్మిది మంది ప్రయాణికులు కాలిపోయారు. అతనూ పోయాడు.

తాళాలు మీ దగ్గర పెట్టుకోండి. గొడవవుతుంది, తెలుసు. అవనివ్వండి.

ప్రశ్న: రాత్రి పదకొండుకి తాగి పడుకుని పొద్దున్నే బయల్దేరితే ఫర్వాలేదు కదా? (హనుమకొండ)

జవాబు: ఎంత తాగారో రాయలేదు. శరీరం గంటకి సుమారు 15 మిల్లీగ్రాములు మాత్రమే దించుకుంటుంది, మజ్జిగ తాగినా, చన్నీళ్ల స్నానం చేసినా వేగం పెరగదు. 70 కిలోల మనిషి ఒక క్వార్టర్ విస్కీతో పదకొండుకి ఆపితే తెల్లారి అయిదింటికి ఇంకా 30 పైనే ఉండొచ్చు. రెండు క్వార్టర్లైతే మధ్యాహ్నం భోజనం దాకా బండి ముట్టకండి.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఎంఎస్ చదువుతున్నాడు. పోయిన వారం డీడబ్ల్యూఐ (అక్కడి డ్రంక్ అండ్ డ్రైవ్ కేసు) కింద అరెస్ట్ చేసి మర్నాడు బెయిల్ మీద వదిలారట. ఫ్రెండ్స్ 'ఫైన్ కట్టేస్తే అయిపోతుంది' అంటున్నారు. ఇంట్లో వాళ్లమ్మకి ఇంకా చెప్పలేదు. (రిటైర్డ్ టీచర్, గుంటూరు)

జవాబు: మాస్టారూ, ఆ ఫ్రెండ్స్ మాట వినొద్దని ఇవాళే ఫోన్ చెయ్యండి. టెక్సాస్‌లో మొదటి డీడబ్ల్యూఐకే కనిష్ఠంగా 72 గంటలు, గరిష్ఠంగా 180 రోజుల జైలు, 2,000 డాలర్ల దాకా జరిమానా రాసి ఉంది. శిక్ష ఖాయమైతే రాష్ట్రం వేసే 3,000 డాలర్లు అదనం, రీడింగ్ 0.15 (మన లెక్కలో 150) ఉన్నా, దాటినా అది 6,000. లైసెన్స్ సస్పెన్షన్ మీద హియరింగ్ కావాలంటే నోటీసు అందిన 15 రోజుల్లో అడగాలి. ఇప్పటికే వారం అయిపోయిందన్నారు.

అసలు కష్టం వీసా. అరెస్ట్ అయితే చాలు, కేసు తేలకముందే వీసా రద్దు చేసే అధికారం అమెరికా విదేశాంగ శాఖకి ఉంది, చేస్తోంది కూడా. ఈమెయిల్ వస్తుంది. దానంతట అదే అక్కడ చదువు ఆపెయ్యాలని కాదు, కానీ పండక్కి ఇంటికొస్తే తిరిగి వెళ్లడానికి కొత్త వీసా, దాంతోపాటు డాక్టర్ పరీక్ష కావాలి. ఇంకో చిక్కు: అక్కడ కొంత కాలం బుద్ధిగా ఉంటే శిక్ష లేకుండా కేసు ముగించే పద్ధతి ఒకటుంది, స్థానిక లాయర్ అది మంచి డీల్ అంటాడు. నేరం ఒప్పుకుని తీసుకుంటే ఇమ్మిగ్రేషన్ దృష్టిలో అది శిక్ష పడినట్టే. కాబట్టి క్రిమినల్ లాయర్ ఒకరు, ఇమ్మిగ్రేషన్ లాయర్ ఒకరు, ఇద్దరూ మాట్లాడుకున్నాకే సంతకం. వాళ్లమ్మకి చెప్పండి, సంక్రాంతికి ఎందుకు రావట్లేదో ఎలాగూ అడుగుతుంది.

ప్రశ్న: తాగాను, అందుకే బండి స్టార్ట్ చెయ్యకుండా తోసుకుంటూ వెళ్తున్నాను. అప్పుడు కూడా ఊదమంటారా? (ఇద్దరు స్నేహితులు, వరంగల్ బార్ బయట పందెం వేసుకుని రాసిన ఉత్తరం)

జవాబు: చట్టంలో ఉన్నది నడపడం, లేదా నడపడానికి ప్రయత్నించడం. రోడ్డు పక్కన కీ లేకుండా తోసుకెళ్లడం రెండిటిలోకీ రాదని వాదించొచ్చు. కానీ రోడ్డు పల్లంలోకి వాలే చోటు వస్తుంది చూడండి, అక్కడ మనవాళ్లు ఊరుకోరు, ఎక్కి కూర్చుని న్యూట్రల్‌లో జారుతారు. జారితే నడిపినట్టే. పందెం ఎవరు గెలిచారో మీరే తేల్చుకోండి.