చేప ఒడ్డున, కూర దొడ్లో: మరి వడ్డీ ఎక్కడి నుంచి?

ప్రశ్న: నాకు 61, మా ఆవిడకు 57. హైదరాబాద్‌లో రిటైరై కొత్తపట్నం దగ్గర మా ఊరు వచ్చేస్తున్నాం. చేతిలో 35 లక్షలు, ఊళ్లో పెంకుటిల్లు, పెద్ద దొడ్డి ఉన్నాయి. చేపలు ఒడ్డునే దొరుకుతాయి, కూరగాయలు పండించుకుంటాం, నెలకు 8 వేలు చాలనుకుంటున్నాం. తెలిసిన బోటు యజమాని నూటికి రెండు రూపాయల వడ్డీకి 20 లక్షలు అడుగుతున్నాడు. ఇవ్వమంటారా?

జవాబు: ఊరికి తప్పకుండా వెళ్లండి. ఆ అప్పు మాత్రం ఇవ్వకండి. నెలకు 40 వేలు వస్తాయంటే ఎవరికైనా ఆశే. కానీ ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం. నవంబరు, డిసెంబరుల్లో తుపాన్లు. వల తెగినా, ఇంజను పాడైనా ఆయనకే కష్టం, వడ్డీ ఆగేది మీకు. ఒడ్డున చాలామంది బోటువాళ్లు వ్యాపారుల దగ్గర ముందే అప్పు తీసుకుని ఉంటారు. చేప దిగగానే ఆ బాకీలోకే పోతుంది, మీ వంతు ఆ తర్వాతే. పైగా మీ కూర కూడా ఆ సముద్రం నుంచే రావాలి. వేట ఆగిన నెలల్లో ఇంజను లేని తెప్పలు తెచ్చే కొద్దిపాటి చేపకు రేటు మండిపోతుంది. తిండీ ఆదాయమూ ఒకేసారి దెబ్బతినకూడదు.

మొహమాటం తప్పకపోతే, రాకపోయినా ఫర్వాలేదనుకునే మొత్తం చేబదులుగా ఇవ్వండి.

8 వేలు చాలవు. దొడ్డి తగ్గించేది కూర ఖర్చునే. బియ్యం, నూనె, కందిపప్పు, గ్యాసు, కరెంటు, మందులు, ఒంగోలు రాకపోకలు అన్నీ డబ్బుతోనే. 15 వేలు వేసుకోండి.

పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో 25 లక్షలు పెట్టండి. 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి 51,250 వస్తుంది, అంటే నెలకు 17 వేల పైమాటే. ఒక విడత ఏప్రిల్ మొదట్లో, వేట ఆగకముందే చేతికొస్తుంది. మీ ఆవిడకు 60 నిండకపోయినా జాయింటుగా పేరు చేర్చవచ్చు. ఈ వడ్డీ 5 ఏళ్లూ మారదు, కానీ ధరలు పెరుగుతాయి. అందుకే నెలనెలా మిగిలేదాన్ని రికరింగ్ డిపాజిట్ (ఆర్‌డీ)లో వేయండి.

మిగిలిన 10 లక్షల్లో 5 లక్షలు బ్యాంకు ఎఫ్‌డీలో ఉంచి, అత్యవసరమైతే తప్ప ముట్టుకోకండి. ఇద్దరికీ ఆరోగ్య బీమా ఇప్పుడే తీసుకోండి, బీపీ, షుగరు ఉంటే దాచకుండా రాయండి. ఇంటి రిపేరుకు 3 లక్షలు దాటనివ్వకండి. అంతకంటే ముందు దొడ్లో నీళ్లు పరీక్ష చేయించండి. సముద్రం దగ్గర బోరు ఎక్కువగా తోడితే ఉప్పునీరు ఎక్కుతుంది, అప్పుడు వంగ, బెండ నిలబడవు.