యుద్ధం చూడని మెరైన్‌కు అన్ని పతకాలు ఎలా వస్తాయి?

నాలుగేళ్లు పనిచేసి, యుద్ధమే చూడని అమెరికా మెరైన్ (మెరైన్ కోర్ అనే సైనిక విభాగంలోని సైనికుడు) ఛాతీ మీద అన్ని రిబ్బన్లు, అంటే పతకాలకు గుర్తుగా పెట్టుకునే రంగు పట్టీలు, ఎలా వచ్చాయని అడిగారు. అవన్నీ సాహసానికి ఇచ్చేవి కావు. గుడ్ కాండక్ట్ మెడల్ 1896 నుంచి ఉంది. వరుసగా మూడేళ్లు శిక్ష పడకుండా పనిచేస్తే ఇస్తారు, అదీ ఆఫీసర్లు కానివారికే. ఇరవై ఏళ్ల కుర్రాడు మూడేళ్లు ఏ గొడవలోనూ ఇరుక్కోకుండా ఉండటం చిన్న పనేం కాదు లెండి! ఇంకో మూడేళ్లు అలాగే ఉంటే కొత్త పతకం రాదు, అదే రిబ్బన్ మీద చిన్న కంచు నక్షత్రం పెడతారు. నేషనల్ డిఫెన్స్ మెడల్ అయితే 2001 సెప్టెంబర్ 11 నుంచి 2022 చివరిదాకా సర్వీసులో ఉన్న దాదాపు అందరికీ వచ్చింది. పర్పుల్ హార్ట్ సంగతి వేరు. శత్రువు దాడిలో గాయపడితేనో, చనిపోతేనో ఇస్తారు.