ఫోటోల పనికి ఇంకో మూడేళ్ల చదువా?

కొత్తపట్నం నుంచి ఒక తండ్రి రాశారు. రొయ్యల గుంటలు చేస్తారట. అమ్మాయి ఈసీఈ అయిపోయి, చేతికొచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదులుకుని మద్రాస్ ఐఐటీలో రీసెర్చ్ ఎంఎస్‌లో చేరతానంటోంది, కంప్యుటేషనల్ ఇమేజింగ్ చేస్తుందట. "కెమెరాలు, ఫోటోల కోసం ఇంకో మూడేళ్లు చదవాలా, ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది" అని అడిగారు.

సార్, మీ గుంట దగ్గరే మొదలుపెడదాం. మేత తిన్నాయో లేదో చూడ్డానికి చెక్‌ట్రే పైకి లాగుతారు కదా, దాని బదులు ఒక కెమెరాను లోపలికి దించితే పచ్చటి మసక తప్ప ఏమీ కనపడదు, నాచుకీ మట్టికీ తగిలి వెలుతురు చెదిరిపోతుంది గనక. ఎంత ఖరీదైన లెన్సు కొన్నా అంతే. వెలుతురు ఎటు నుంచి వేయాలి, సెన్సర్ ఎలా ఉండాలి, వచ్చిన మసకలోంచి లెక్కకట్టి అసలు బొమ్మను ఎలా రాబట్టాలి, ఇదంతా కలిపి ఆలోచించడమే మీ అమ్మాయి ఎంచుకున్న చదువు. మీ ఫోన్లో రాత్రి ఫోటో తీసేటప్పుడు కాసేపు కదలకుండా పట్టుకోమంటుంది చూడండి, ఆ కాసేపట్లో వరసగా చాలా ఫోటోలు తీసి ఒకదానిమీద ఒకటి కూరుస్తుంది. తొమ్మిది కలిపితే బొమ్మలో చుక్కచుక్కలుగా కనపడే గరుకు దాదాపు మూడో వంతుకు దిగుతుంది. 2019లో వచ్చిన బ్లాక్‌హోల్ బొమ్మ కూడా ఇలా లెక్కతో రాబట్టిందే.

పని మాత్రం తేలిక కాదు. చీకటి గదిలో బల్లమీద కెమెరా బిగించి, దాని కొలతలు సరిచూడ్డానికి చదరంగం గళ్ల కాగితాన్ని రకరకాల కోణాల్లో పదేపదే ఫోటో తీయాలి, ఒక్క స్క్రూ వదులైతే మళ్లీ మొదటికొస్తుంది. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ ఇష్టంగా చేసే పిల్లయితేనే నిలబడుతుంది. ఇది తననే అడగండి.

డబ్బు సంగతి. స్టైపెండ్ వస్తుంది గానీ సాఫ్ట్‌వేర్ జీతంతో పోల్చకండి. తర్వాత జేఆర్ఎఫ్‌తో, అంటే పరిశోధన చేసేవాళ్లకు ప్రభుత్వమిచ్చే ఫెలోషిప్‌తో, పీహెచ్‌డీకి వెళ్తే 2023 నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆపైన 42,000. ఉద్యోగాలు ఫోన్ కెమెరాల్లో, మెడికల్ స్కానర్లలో, ఉపగ్రహ కెమెరాలు తయారుచేసే అహ్మదాబాద్ ఇస్రో కేంద్రంలో ఉంటాయి. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నన్ని ఉండవు, ఒంగోల్లో అసలే ఉండవు.

సీటు ఖాయం చేసేముందు ఆ ల్యాబ్‌లో ఇప్పుడు చదువుతున్న ఇద్దరితో అమ్మాయిని మాట్లాడమనండి. ముందు బ్యాచ్ వాళ్లు ఎన్నాళ్లకు పూర్తిచేశారు, ఎక్కడ చేరారు, గైడ్ వారానికి ఎంతసేపు కూర్చుంటారు. జవాబులు బాగుంటే ధైర్యంగా పంపండి సార్, ఒంగోల్లో రైలెక్కితే నాలుగైదు గంటల్లో మద్రాసులో ఉంటారు.